ఎదురుగాలికి మూడు గంటలు

అక్కకు,

నీ చెల్లి దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. మీ మరిది బేకరీలో పొయ్యి ముందు చెమటలు కక్కుతూనే ఉన్నాడు. పాపకి ముందు పళ్ళు రెండూ ఒకే వారంలో ఊడాయి. ఇప్పుడది మాట్లాడితే నాకే సగం అర్థం కావట్లేదు, ఇక పెదాలు చూసి మాట పట్టుకునేదానివి, నువ్వెంత అవస్థ పడతావో అని నవ్వుకున్నాం. అక్కడ మీరిద్దరూ క్షేమమేనా అని అడగాలి కదా, ఈసారి అది అడగలేకపోతున్నాను. బావ ఎలా ఉన్నాడో నువ్వు నాలుగు పేజీలు రాశాక మళ్ళీ ఏం మొహం పెట్టుకుని అడగను?

అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోకు. ఎయిర్‌పోర్టులో సిబ్బంది క్యాంటీన్లో మూల బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. దీనికో కాలు పొట్టి. తప్పంతా బల్ల మీదకి నెట్టేద్దామనుకున్నాను గానీ, నిజానికి చెయ్యే వణుకుతోంది. పొద్దున్నుంచి మూడు టీలు తాగాను. భయమేస్తోందక్కా.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యట్లేదు. నేను బావని విమానంలో తీసుకొచ్చిన రోజు ఆయన చక్రాల కుర్చీ పక్కన ఒక ఎయిర్‌హోస్టెస్ నిలబడింది గుర్తుందా? తల ఎత్తి చూడాల్సి వస్తోంది, మెడ నొప్పి పుట్టిందన్నావు. మా పొడుగమ్మాయి. ఈ సాయంత్రం విమానంలో తనకే డ్యూటీ, తనే తెచ్చి నీ చేతిలో పెడుతుంది. మీ బెల్లు నొక్కితే మోగదని, హాల్లో లైటు వెలిగి ఆరుతుందని, నువ్వు వంటింట్లో ఉంటే అదీ కనపడదు కాబట్టి నాలుగైదుసార్లు నొక్కమని చెప్పాను. ఫోన్లో మెసేజీ పెడితే పోయేదానికి ఇంత హంగామా ఎందుకంటావు. పెట్టాను. రెండుసార్లు పెట్టాను. నీ ఫోను ముందు చూసేది బావ కదా, రెండూ తుడిచేశాడు. ఎందుకు తుడిచాడో చెబుతాను. ముందు నీ ప్రశ్నలకి వరసగా జవాబులు రాయనీ, రాస్తూ ఉంటే కాస్త ధైర్యం వస్తుందేమో చూస్తాను.

మొదటి ప్రశ్న. "మన రెండు ఊళ్ళకీ మధ్య పన్నెండు గంటలేనే అని నువ్వెప్పుడూ అంటావు, ఆ రోజు నేను అద్దాల తలుపుల ముందు కాళ్ళు పీక్కుపోయేదాకా నిలబడ్డాను, దారిలో ఎక్కడైనా ఆగారా?" అని. ఎక్కడా ఆగలేదు. ఈ విమానాశ్రయానికీ ఆ విమానాశ్రయానికీ దూరం పదకొండు వేల నాలుగు వందల కిలోమీటర్లు. అటు నుంచి కొలిచినా ఇటు నుంచి కొలిచినా అంతే. కానీ అంత ఎత్తున ఒక పెద్ద గాలి ఉంటుందక్కా, ఎప్పుడు చూడు ఒకే వైపుకి వీస్తుంది. నా నర్సు డ్యూటీలో మీ ఊళ్ళో రోగిని దింపి నేను ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, పన్నెండు గంటల్లో వచ్చి పడతాను. ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళేటప్పుడు అదే గాలి ఎదురొస్తుంది, పద్నాలుగు గంటల యాభై నిమిషాలు పడుతుంది. నీతో ఎప్పుడూ పన్నెండే అన్నానంటే, ఇల్లు చేరాక "పన్నెండు గంటల్లో వచ్చేశానక్కా" అని నీకు రాయడం అలవాటు కాబట్టి. ఆ రోజు అది చాలక, ఎగరబోయే ముందు విమానాన్ని నేల మీద వరసలో గంటా నలభై నిమిషాలు నిలబెట్టేశారు. నీ కాళ్ళ నొప్పికి లెక్క అది.

రెండో ప్రశ్న చదివి నవ్వాను, ఆ తర్వాత ఏడ్చాను. బావ నిద్రలో పెదాలు కదుపుతున్నాడని, నువ్వు పక్కన కూర్చుని చదివితే అన్నీ అంకెలేనని, అరవై దాకా పోయి మళ్ళీ ఒకటికి దిగి వస్తున్నాడని రాశావు. "పరాయిదాని పేరేమైనా చెబుతాడేమోనని వంగి చూస్తే లెక్కలు చదువుతున్నాడే మొద్దు మనిషి" అన్నావు. అవి అంతస్తులక్కా. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసినవాడు ఇంకేం లెక్కపెడతాడు? విమానంలో నిద్రపోవద్దని నేనే లెక్కపెట్టమన్నాను. ఎక్కగానే బాగానే ఉన్నాడు, జోకులు కూడా వేశాడు. "ఇది కూడా లిఫ్టే మరదలా, కాకపోతే అడ్డంగా పోతోంది" అన్నాడు. ముందు సీటు వెనకాల తెర మీద ఎత్తు చూపించే బొమ్మ పెట్టుకుని, "ముప్పై నాలుగు వేల అడుగులంటే ఎన్నో అంతస్తు?" అని నన్ను చంపుకుతిన్నాడు. ఎందుకు నిద్రపోవద్దన్నానో నాలుగో జవాబులో ఉంటుంది.

మూడోది, "నా మీద అలిగావా, ఉత్తరాలు నాలుగు ముక్కల్లో తేల్చేస్తున్నావు" అని. నీ మీద నేనా అలిగేది! బావ ఇక్కడి ఎత్తు బిల్డింగులో లిఫ్టులు బిగించడానికని నాలుగు నెలల పని మీద వచ్చి, మా ఇంట్లో ఉండి, మూడో నెలలో లిఫ్టు గుంతలో కుప్పకూలిపోయాడు. ఊపిరితిత్తులు దుమ్ముకి గట్టిపడిపోయాయని ఇక్కడి డాక్టర్లు చెప్పాక, ఆ కబురు నీకెలా రాయాలా అని నేను రెండు రోజులు కలం పట్టుకోలేదు. నువ్వు మాత్రం ఒక్క మాట రాశావు, "నువ్వున్నావుగా, తీసుకొచ్చెయ్" అని. తీసుకొచ్చాక వీధి వీధంతా చెప్పుకున్నావట, మా చెల్లి ఊపిరి పోసి తెచ్చిందని. ఆ ముక్క దగ్గరికి రాగానే నీ ఉత్తరం మడిచి పెట్టేసేదాన్ని. అందుకే ఉత్తరాలు చిన్నవయ్యాయి. పొగుడుతున్నవాళ్ళకి ఏం జవాబు రాయను?

ఇక నాలుగోది. బావ చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెడుతున్నాడని, స్పానరు చేత్తో పట్టుకుని దాని పేరు నిన్ను అడిగాడని, కుడిచెయ్యి మందగించిందని రాశావు. తల స్కానులో మచ్చలేవో కనపడ్డాయని, అవేంటో తెలియక డాక్టరుగారు గురువారం పొద్దున మత్తిచ్చి, తలకి చిన్న బెజ్జం పెట్టి, ముక్క తీసి చూస్తానన్నారని రాశావు. "విమానంలో ఊపిరి ఏమైనా తగ్గిందా అని డాక్టరుగారు రెండుసార్లు అడిగారు. మా చెల్లి నర్సండీ, నిమిషం నిమిషం కాగితం మీద రాసింది, చూసుకోండి అని నీ కాగితం చూపించాను, ఆయనా సరే అన్నారు. నేను చెప్పింది కరెక్టేగా?" అని అడిగావు.

కరెక్టు కాదక్కా.

ఆ కాగితం అబద్ధం. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే వేలి క్లిప్పు అంకె తొంభై ఒకటి, తొంభై రెండు అని దారి పొడుగునా రాశాను కదా, చివరి గంటలవి నేను కల్పించినవి. కూర్చుని, చెయ్యి వణక్కుండా, నీట్‌గా రాశాను. ఇప్పుడు వణుకుతున్న చెయ్యి అప్పుడు వణకలేదు చూడు.

అసలేం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను. రోగుల్ని విమానాల్లో చేరవేసే మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ఏ రోగికి ఎన్ని ఆక్సిజన్ సిలిండర్లు కావాలో లెక్క వేసేది ఒకరు, సరిచూసేది ఇంకొకరు. లెక్క ఎప్పుడూ మేం లెక్కల మాస్టారని పిలిచే పెద్దాయన వేస్తాడు, నేను సరిచూస్తాను. బావ విషయంలో మాత్రం, "మా ఇంటి మనిషి మాస్టారూ, ఇది నేనే వేసుకుంటా" అని కాగితం లాక్కున్నాను. ఆయన సరిచూడాలి. "నీ బావకి నువ్వు వేసిన లెక్క నేను చూసేదేంటమ్మా" అని కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా సంతకం చేశాడు. పదకొండేళ్ళుగా నేను తిరిగిన ప్రయాణాలన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటాను. ఒక్కో ఊరికి రెండు వరసలు. పై వరస రోగితో వెళ్ళినప్పటిది, కింది వరస ఖాళీగా తిరిగొచ్చినప్పటిది. బావ పడిపోయిన దగ్గర్నుంచి నాకు సరైన నిద్ర లేదు. నేను కింది వరస చూశాను. పన్నెండు గంటలు. ఒక్కో సిలిండరు మూడు గంటలొస్తుంది. పన్నెండుకి నాలుగు, మా పద్ధతి ప్రకారం చేతిలో ఒకటి ఎక్కువ, మొత్తం ఐదు అని రాశాను. పై వరస చూసి ఉంటే ఆరు రాసేదాన్ని.

నేలమీద నిలబెట్టిన గంటా నలభై నిమిషాలూ సిలిండరు నడుస్తూనే ఉంది. రెండోది అయిపోయి మూడోది బిగించినప్పుడు, బావ తెర మీద ఎత్తు బొమ్మ మార్చి దారి బొమ్మ పెట్టాడు. ఇంకా ఎంత దూరం, ఇంకా ఎంత సేపు అని ఉంటుంది కదా. పది గంటల ముప్పై నిమిషాలు అని ఉంది. నా దగ్గర మిగిలింది తొమ్మిది గంటల గాలి. మిషను తప్పు చూపిస్తోందనుకున్నాను. పొడుగమ్మాయిని పిలిచి అడిగాను. "ఎదురుగాలి కదా సిస్టర్, ఇటు వెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఇంతేగా, మీకు తెలియందేముంది?" అంది. అక్కా, ఆ మాట వినగానే సంచి దగ్గరికి లాక్కున్నాను. పుస్తకం తీసి చూశాను. కళ్ళ ముందే రెండు వరసలూ ఉన్నాయి, నా చేతిరాతే.

ఆక్సిజన్ కొంచెం తగ్గించి చూశాను. పది నిమిషాల్లో క్లిప్పు మీద ఎనభై రెండు వచ్చింది, పెదాలు నల్లబడ్డాయి. మళ్ళీ పెంచేశాను. నేను సిలిండర్లు తిరగేసి మరగేసి లెక్కపెట్టడం చూసి, పొడుగమ్మాయి వెళ్ళి కెప్టెన్‌కి చెప్పింది. ఆయనే లేచి వచ్చాడు. మా సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా అన్నాడు. "మేడమ్, విమానంలో ఉన్న సిలిండర్లు వేరే ప్రయాణికుల అవసరానికి. అందులో ఒకటి ఇవ్వగలను, అరగంట వస్తుంది. ఇంకో గంటన్నరలో దారిలో ఒక విమానాశ్రయం ఉంది. అది దాటితే మళ్ళీ నీళ్ళే. అక్కడ దింపమంటే దింపేస్తాను, ఆస్పత్రి ఉంది. మీరు నర్సు, మీరు చెప్పండి."

నేను చెప్పాను. "అవసరం లేదు సార్, సరిపోతుంది."

లెక్క తప్పడం పొరపాటక్కా. దానికి నువ్వు నన్ను క్షమించినా క్షమిస్తావు. ఇది పొరపాటు కాదు. అరగంట ఇచ్చినా ఇంకో గంట తక్కువవుతుందని నాకు తెలుసు. దిగితే ఎందుకు దిగారని అడుగుతారు, కాగితం బయటికొస్తుంది, నా ఉద్యోగం పోతుంది, అన్నిటికంటే నువ్వు నా మొహం ఎలా చూస్తావోనని భయమేసింది. తెలియని ఊళ్ళో తెలియని ఆస్పత్రిలో పడెయ్యడం కంటే ఇంటికి తీసుకెళ్ళడమే బావకి మంచిదని నాకు నేనే చెప్పుకున్నాను. ఇన్నాళ్ళూ అదే చెప్పుకుంటున్నాను. అది అబద్ధం. నేను భయపడింది నా కోసం.

బావ అన్నీ చూస్తూనే ఉన్నాడు. నా ఒళ్ళో పుస్తకం తీసుకుని రెండు వరసలూ వేలితో తడిమాడు. "తాడు కొలవకుండా లిఫ్టు కట్టే మెకానిక్కు ఉండడు మరదలా. నువ్వూ కొలిచావు. పక్క బిల్డింగుది కొలిచావు, అంతే" అన్నాడు. కోపం లేదు ఆయన గొంతులో. "బావా, ఇప్పుడైనా దింపమందామా?" అంటే, "నువ్వు సరిపోతుందన్నావుగా, సరిపోయేటట్టు చేద్దాం" అని, పక్కనున్న సిలిండరు మర తనే చేత్తో తిప్పి తగ్గించుకున్నాడు. నేను పెంచితే మళ్ళీ తగ్గించేవాడు. అలా గంటలు గంటలు ఇద్దరం ఆ మర మీద కొట్లాడుకున్నాం. చివరి గంటలో కొట్లాడటానికి సిలిండర్లో ఏమీ లేదు. క్లిప్పు మీద డెబ్భై ఒకటి. నలభై నిమిషాలు అలాగే ఉంది. నిద్రపోతే మళ్ళీ లేవడేమోనని అంతస్తులు లెక్కపెట్టించాను. ఇరవై ఏడు దగ్గర తప్పిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు, మూడుసార్లు. ఆయన చెయ్యి పట్టుకుని తెర మీద నిమిషాలు చూస్తూ నేను ఏడుస్తున్నాను, ఏడుస్తూ నవ్వుతున్నాను, ఆయన భయపడకూడదని.

అప్పుడే నా దగ్గర మాట తీసుకున్నాడు. "అక్కకి చెప్పకు. దానికి వినపడేది లోకంలో నీ మాటొక్కటే. అది కూడా పోతే దానికేం మిగులుతుంది?" అన్నాడు. అందుకే ఆ మెసేజీలు తుడిచేశాడు. కోపంతో కాదు. గురువారం కోత సంగతి తెలిశాక ఫోను చేసి బతిమాలాను. "నా తలకాయ, నా ఇష్టం, నువ్వు నోరు మూసుకో" అన్నాడు. ఆస్పత్రికి కూడా ఫోను చేశాను. కాగితం మీద సంతకం మీది, మార్చాలన్నా మీ సంతకంతో కాగితమే రావాలి, ఫోన్లో కుదరదన్నారు. అసలు అంకెలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. కల్పించినవి ఆఫీసు కాగితంలో రాశాను గానీ, నిజమైనవి రాసుకోకుండా ఉండలేకపోయాను. అలవాటు.

స్కానులో ఆ మచ్చలు ఊపిరి చాలక వచ్చినవే అయితే తల తెరవాల్సిన పనే లేదక్కా. అది తెలియకే డాక్టరుగారు కోస్తానంటున్నారు. మత్తిస్తే బావ ఊపిరితిత్తులు మళ్ళీ సొంతంగా ఊపిరి అందుకోవడం కష్టమని నాకు తెలుసు, బావకీ తెలుసు. నా సంతకాన్ని నమ్మి బావ ఆ బల్ల ఎక్కుతాడు.

నీకు గుర్తుందా, బళ్ళో టీచరు నిన్ను తిడితే నువ్వు నా వైపు తిరిగి ఏమంటోందే అని అడిగేదానివి. నేను పెదాలు బాగా కదిపి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయంటోంది" అనేదాన్ని. నువ్వు టీచరుకేసి చూసి నవ్వేదానివి, ఆవిడకి ఇంకా మండేది. అలా నీకు ఎన్ని అబద్ధాలు చెప్పానో లెక్కలేదు. అన్నీ నీ కోసం చెప్పినవే. నా కోసం చెప్పిన మొదటి అబద్ధం ఇదే, ఇది బావ తల మీదకి వచ్చింది.

నిదానంగా నాలుగు ప్రశ్నలకీ జవాబులు రాస్తూ కూర్చుందేంటి, అవతల కొంప మునుగుతుంటే, అని ఈపాటికి నన్ను తిడుతుంటావు. పొడుగమ్మాయి చేతికి రెండు కవర్లిస్తున్నాను అక్కా. ఒకటి ఇది. రెండోదాంట్లో నా పుస్తకంలోంచి చింపిన పేజీ, డాక్టరుగారికి నా సంతకంతో రాసిన కాగితం ఉన్నాయి. కెప్టెన్‌తో నేను అన్న మాట కూడా అందులో రాశాను. దిగిన వెంటనే ముందు ఆస్పత్రికి వెళ్ళి, డాక్టరుగారి చేతిలోనే పెట్టి, ఆయన చదివాకే మీ ఇంటికి రమ్మన్నాను. ఆ రోజు తను కళ్ళారా చూసింది, అడిగితే చెబుతానంది. నువ్వు ఈ ముక్క చదివేసరికి ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. పొద్దున మా లెక్కల మాస్టారుకీ చెప్పేశాను, నా ఉద్యోగపు గుర్తింపు కార్డు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. మీ మరిదికి నిన్ననే చెప్పాను. అందరికీ చెప్పాక చివర నీకు చెబుతున్నాను, ఎందుకంటే అందరిలోకీ నీకే భయపడ్డాను.

బావని ఏమనకు. నువ్వు అరిస్తే ఆయన తట్టుకోలేడు. గుండీలు నువ్వే పెట్టు. ఇది తెలిశాక కూడా డాక్టరుగారు కోత తప్పదంటారేమో, పోయిన మాటలు బావకి తిరిగి రావేమో, నాకేమీ తెలియదు. ఇన్నేళ్ళ నర్సుని, ఏమీ తెలియకుండా కూర్చున్నాను.

అదిగో, పొడుగమ్మాయి వచ్చేసింది, యూనిఫారం వేసుకుని నా నెత్తిమీద నిలబడింది. విమానం ఆరింటికి, గురువారం కోతకి ముందే చేరుతుంది. నా ఎడమచేతి వాచీ ఎప్పుడూ మీ టైములోనే ఉంటుంది కదా, నువ్వు బెల్లు లైటు చూసే గంట ఏదో ఈసారి పై వరస చూసి లెక్కవేసుకున్నాను. తను శనివారం తిరిగొస్తుంది. నేను ఇక్కడి అద్దాల తలుపుల ముందు నిలబడతాను, నువ్వు ఆ రోజు నిలబడ్డట్టు. ఏదైనా రాసి పంపు. ఇక మీ ఇంటికి రానివ్వనని రాసినా సరే, తిట్టు రాసినా సరే. ఇటు వచ్చేటప్పుడు పన్నెండు గంటలే, త్వరగా చేరుతుంది. నువ్వు తిడితే దాన్ని ఈసారి ముత్యాలుగా మార్చుకోను. రాసింది రాసినట్టే చదువుకుంటాను.

ఇట్లు,
ఇంకా నీ చెల్లినేనో కాదో శనివారం తెలిసే
నీ చెల్లి